కుండీ మొక్కకు ఇన్ని కాగితాలా?

ప్రశ్న: సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సెలవులకు వస్తూ ఒక చిన్న కామిని మొక్కను కుండీతో సహా తెచ్చాడు. విమానాశ్రయంలో అధికారులు దానిని తీసేసుకున్నారు. అదే మొక్క మా ఊరి నర్సరీలో చవకగా దొరుకుతుంది. మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, మొక్కల సంగతి తెలియనివాళ్ళం కాము. జానెడు మొక్క మీద ఇంత పట్టుదల ఎందుకండీ?
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: మీకు చీనీ తోట ఉన్నది కనుక ఆ పట్టుదల ముందుగా మీకే మేలు చేస్తుంది. కామిని కూడా నిమ్మ కుటుంబపు మొక్కే. చీనీకి గ్రీనింగ్ తెగులును (ఆకులు పసుపుబారి, చెట్టు క్రమంగా క్షీణించే జబ్బును) అంటించే సిల్లా పురుగు దాని లేత చిగురును వెతుక్కుంటూ వస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఆ పురుగు తల దించి, వెనుక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి దానినైతే గుర్తుపట్టవచ్చు గానీ, విప్పీ విప్పని చిగురు మడతల్లో అది పెట్టే పసుపు గుడ్లు మామూలు కంటికి ఆనవు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో బయటపడి, దుకాణాల్లో అమ్మిన కామిని కుండీల వెంట ఊరూరికీ చేరింది. 2005లో తెగులూ కనిపించింది. అక్కడి నారింజ తోటలు నేటికీ కోలుకోలేదు.

ఆ పురుగూ తెగులూ మన దగ్గర ఉన్నవే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ మన దగ్గర లేనివి ఆ కుండీలో ఏమేమి ఉన్నాయో మీ అబ్బాయికీ తెలియదు, అధికారికీ తెలియదు. అందుకే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు దిగుమతి అనుమతినీ, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రాన్నీ అడుగుతుంది. నులిపురుగులూ శిలీంధ్రాలూ మట్టిలోనే దాగి ప్రయాణిస్తాయి గనుక కుండీ మట్టిని అసలు రానివ్వదు. ఇటలీలో 2013లో బయటపడి ఆలివ్ తోటలను ఎండగొట్టిన జైలెల్లా బ్యాక్టీరియా, అందం కోసం మధ్య అమెరికా నుంచి తెప్పించిన కాఫీ మొక్కలతో వచ్చిందని శాస్త్రజ్ఞుల అంచనా. దాని మరో రకమే బ్రెజిల్ బత్తాయి తోటలను పీడించింది.

నర్సరీ మొక్క విషయంలో మాత్రం మీ మాటలో న్యాయముంది. కడియం నుంచి లారీలో దిగే మొక్కకు ఈ దిగుమతి పరీక్షలు వర్తించవు, కాబట్టి ఆ పరీక్ష మీరే చేయాలి. కొన్న మొక్కను కొన్ని వారాలు తోటకు దూరంగా ఉంచి, చిగుళ్ళపై సిల్లా పిల్లపురుగులు వదిలే తెల్లని మైనపు పోగులు కనిపిస్తాయేమో చూడండి. కామినిని చీనీ గట్టున మాత్రం నాటకండి. పెరటి కరివేపాకు మీదా ఆ పురుగు బతుకుతుంది, దాని చిగురునూ అప్పుడప్పుడు తిప్పి చూస్తూ ఉండండి.