ప్రశ్న–జవాబు: తీరం తాకగానే చెడిపోతున్న సునామీ లెక్క

ప్రశ్న: బంగాళాఖాతంలో సునామీ అలల కోసం షాలో వాటర్ సమీకరణాలను (అల పొడవుతో పోలిస్తే లోతు తక్కువైన నీటి కదలిక లెక్కలు) క్యుడాలో (ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు చేయించే వ్యవస్థ) రాసుకున్నాను. గడి 1 కి.మీ., మొత్తం 2000×2000 గడులు, కార్డు ఆర్‌టీఎక్స్ 3060. టైమ్‌స్టెప్ (ఒక్కో అడుగులో లెక్క ముందుకు జరిగే కాలం) ఎంతుండాలో ప్రతిసారీ సీపీయూ మీద తేలుస్తున్నాను. సీపీయూ ప్రోగ్రాంతో పోలిస్తే వేగంలో పెద్ద తేడా లేదు. పైగా అల తీరం తాకగానే అన్నీ 'నాన్'లే (సంఖ్య కాని ఫలితాలు) వస్తున్నాయి. సింగిల్ (32 బిట్ల సంఖ్యలు) నుంచి డబుల్‌కి (64 బిట్ల సంఖ్యలు) మారితే బాగుపడుతుందా?
– ఎం.టెక్. విద్యార్థి

జవాబు: డబుల్ జోలికి వెళ్లకండి. మీ కార్డులో డబుల్ లెక్కల వేగం సింగిల్‌లో 64వ వంతే. మీ రెండు జబ్బులకూ అది మందు కాదు.

ముందు వేగం సంగతి. నీటిమట్టం, రెండు దిశల ద్రవ్యవేగాలు కలిపి మూడు అరేలు: 48 మెగాబైట్లు. స్టెప్‌కి కనీసం ఈ మూడింటినీ, నేల ఎత్తునూ చదివి, మూడింటిని తిరిగి రాయాలి: 112 మెగాబైట్లు. కార్డు మెమరీ వేగం సెకనుకు 360 గిగాబైట్లు కాబట్టి ఇది 0.31 మిల్లీసెకన్ల పని. అదే 48 మెగాబైట్లను సీపీయూకి తేవాలంటే, సెకనుకు 12 గిగాబైట్ల చొప్పున వచ్చినా, 4 మిల్లీసెకన్లు! మీ సమయమంతా పోతున్నది అక్కడే. టైమ్‌స్టెప్‌ని తేల్చే గరిష్ఠ తరంగవేగాన్ని రిడక్షన్ కెర్నల్‌తో (అన్ని గడుల విలువల్లోంచి ఒక్కటి తేల్చే, కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాంతో) కార్డు మీదే తీసి, ఆ ఒక్క సంఖ్యనూ అక్కడే ఉంచండి. తర్వాతి కెర్నల్ చదువుకుంటుంది. బొమ్మల కోసం వంద స్టెప్‌లకోసారి బయటికి తెస్తే చాలు.

ఇక నాన్‌ల సంగతి. 4,000 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు 198 మీటర్లు. గడి దాటడానికి 5 సెకన్లు. ఈ సమీకరణాలను సాధించే కుర్గనోవ్–పెట్రోవా పద్ధతైతే టైమ్‌స్టెప్ అందులో పావు వంతు, అంటే 1.25 సెకన్లు మించకూడదు. మించితే లోతు సున్నా కిందికి దిగవచ్చు. దాని వర్గమూలం అడగగానే నాన్.

నాన్‌కి రెండో దారి భాగహారం. తడి అంచున లోతు దాదాపు సున్నా. ద్రవ్యవేగాన్ని దానితో భాగిస్తే వేగం ఆకాశాన్నంటుతుంది. అందుకని లోతునూ ద్రవ్యవేగాన్నీ గుణించి రెట్టింపు చేసి, లోతు వర్గానికి లోతు వర్గం, హద్దు (ఇంతకంటే తక్కువ లోతును దాదాపు పొడిగా చూసే విలువ) వర్గాలలో పెద్దదాన్ని కలిపి వచ్చినదానితో భాగించండి. మీ గడికి 1 సెం.మీ. హద్దు సరిపోతుంది. ఇలా వచ్చిన వేగాన్ని లోతుతో గుణించి ద్రవ్యవేగాన్ని తిరిగి రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. రాయకపోతే ఆ గడిలో వేగం ఒకటి, ద్రవ్యవేగం మరొకటి చెబుతాయి.

సింగిల్‌లో ఒక్క చిక్కు మాత్రం నిజం. 4,000 మీటర్ల లోతును దాచుకుంటే పక్కపక్క సంఖ్యల మధ్య దూరం 0.24 మిల్లీమీటర్లు. నడిసముద్రంలో అరమీటరు అల ఒక స్టెప్‌లో మార్చేదే రెండు మూడు మిల్లీమీటర్లు. కాబట్టి లోతును కాక, సముద్రమట్టం నుంచి కొలిచిన నీటిమట్టాన్నే దాచండి. లోతును అప్పటికప్పుడు నేల ఎత్తు తీసేసి రాబట్టండి.

సునామీ కంటే ముందు రెండు పరీక్షలు పెట్టండి. ఎగుడుదిగుడు నేల మీద, ఒడ్డుతో సహా, నిశ్చలమైన నీరు: వెయ్యి స్టెప్‌ల తర్వాతా కదలకూడదు. కదిలితే సమీకరణంలోని నేలవాలు పదం పీడనంతో సరితూగడం లేదన్నమాట. రెండోది, చదునైన పొడినేల మీద ఆనకట్ట తెగడం: 9 మీటర్ల నీరుంటే తెగినచోట లోతు 4 మీటర్ల దగ్గర నిలవాలి.