అకాడమీ కుర్రాడికి కావాల్సింది జట్టులో ఒక ఖాళీ

“లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి కుర్రాళ్లను తయారుచేసే హేల్ ఎండ్ అకాడమీని అందరూ అంతలా పొగుడుతారు కదా, మరి అక్కడినుంచి వచ్చి ఆర్సెనల్ మొదటి జట్టులో పాతుకుపోయినవాళ్లు ఇంత తక్కువమంది ఎందుకు? లోపం కోచింగ్‌లో ఉందా, కుర్రాళ్లలో ఉందా?” అన్నది ప్రశ్న.

రెండింటిలోనూ లేదు. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి జట్టులో ఒక ఖాళీ ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఖాళీ దొరికినవాడు పెద్ద ఆటగాడయ్యాడు, దొరకనివాడు లోన్ల మీద, అంటే వేరే క్లబ్‌లకు అద్దెకు, ఊళ్లు పట్టుకుని తిరిగాడు. ఈ క్లబ్ మ్యాచ్‌లు చాలా ఏళ్లుగా వదలకుండా చూస్తున్నాను, ఈ విషయంలో నాకైతే అనుమానమే లేదు.

రక్షణ వరసలో ఎడమ చివర ఉండే లెఫ్ట్ బ్యాక్ స్థానం ఒక్కదాన్నే గమనించండి, మీకే తెలుస్తుంది. యాష్లీ కోల్ చిన్నప్పుడు ఫార్వర్డ్‌గా ఆడినవాడు. 2000లో సిల్విన్యో గాయపడితే లెఫ్ట్ బ్యాక్‌లో దిగాడు, ఇక ఆ చోటు వదల్లేదు. 2003-04లో ఇంగ్లండ్ పై స్థాయి లీగ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టుకు లెఫ్ట్ బ్యాక్ అతనే. తర్వాత బుకాయో సాకా. అసలు వింగర్, అంటే అంచు పక్కనుంచి దాడికి వెళ్లేవాడు. 2019-20లో టియర్నీ, కొలాసినాచ్ ఇద్దరూ గాయాలతో కూర్చుంటే వేరే గతిలేక ఈ కుర్రాణ్ని లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టారు. అక్కడ వరసగా మ్యాచ్‌లు దొరకబట్టే ఇవాళ మనం చూస్తున్న సాకా అయ్యాడు. ఆ తర్వాత మైల్స్ లూయిస్ స్కెల్లీ. అకాడమీలో మిడ్‌ఫీల్డర్. 2024-25లో కలఫియోరి, తొమియాసు గాయపడ్డారు, మళ్లీ అదే చోట ఖాళీ. 2025 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీని 5-1తో ఓడించిన రోజున గోల్ కొట్టాడు, మార్చిలో ఇంగ్లండ్ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఇంకో గోల్ కొట్టాడు.

పాతికేళ్లలో ముగ్గురు. ముగ్గురిలో ఒక్కడూ లెఫ్ట్ బ్యాక్‌గా పెరిగినవాడు కాదు. ముగ్గురూ వచ్చింది మాత్రం అదే తలుపులోంచి. ఇది కోచింగ్ గొప్పతనమే అయితే వాళ్లు పెరిగిన స్థానాల్లోనే పైకి రావాలి కదా?

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం హేల్ ఎండ్‌లోనే పెరిగిన వింగర్ రీస్ నెల్సన్. 2023 మార్చి 4, బోర్న్‌మత్‌తో సొంత మైదానంలో మ్యాచ్. లీగ్‌లో పైన మనమే ఉన్నాం, కానీ వెనకే ఉన్న మాంచెస్టర్ సిటీ ఆ రోజు ముందే గెలిచేసి కూర్చుంది. ఆట మొదలై పది సెకన్లు కాలేదు, ఫిలిప్ బిల్లింగ్ గోల్ కొట్టేశాడు. నేనింకా టీవీ సౌండ్ పెంచుతున్నాను. రెండో సగంలో సెనేసీ తలతో ఇంకొకటి. 0-2. మన థామస్ పార్టే ఒకటి తిరిగిచ్చినా జట్టు ఆటలో కంగారు తప్ప ఏమీ కనపడలేదు. 69వ నిమిషంలో ఎమిల్ స్మిత్ రోని తీసేసి నెల్సన్‌ని దించారు. పక్కన మా మేనల్లుడున్నాడు. వాడి దృష్టిలో నెల్సన్ అంటే వీడియో గేమ్‌లో ఎవరూ కొనని ఆటగాడు. “మావయ్యా, ఇంక కట్టేద్దాం, బెంచీ మీద ఎవరూ లేక వీణ్ని దించారు” అన్నాడు.

నిమిషం తిరక్కుండానే ఎడమ పక్కనుంచి నెల్సన్ వేసిన క్రాస్ గోల్ ముందు అందరినీ దాటి అవతలికి వెళ్లింది. బెన్ వైట్ కొట్టాడు. గోల్‌కీపర్ నెటో చేత్తో బయటికి లాగేశాడు గానీ బంతి అప్పటికే గీత దాటిపోయింది, రిఫరీ చేతి వాచీ గోల్ అని చెప్పేసింది. 2-2. అక్కడినుంచి నేను కూర్చున్నది లేదు. ఇంజురీ టైమ్ ఆరు నిమిషాలు ఇచ్చారు, అదీ దాదాపు అయిపోయింది. చివరి కార్నర్. బోర్న్‌మత్ వాళ్లు తలతో బయటికి తోసేశారు. బాక్స్ బయట నెల్సన్ ఒక్కడే ఉన్నాడు. ఒక టచ్‌తో బంతిని నిలబెట్టుకున్నాడు. అతనిది కుడికాలి ఆట, కొట్టింది మాత్రం ఎడమకాలితో. అంతమంది కాళ్ల మధ్యలోంచి వెళ్లి వలలో పడింది. 97వ నిమిషం. బెంచీ మీదున్నవాళ్లంతా మైదానంలోకి పరిగెత్తారు. మా వాడు సోఫా మీదికెక్కి అరుస్తున్నాడు, పక్కింటివాళ్లు తలుపు కొట్టేదాకా ఆపలేదు.

నాకు ఆ గోల్ కంటే దాని ముందు పెట్టిన టచ్ ఎక్కువ గుర్తుంది. ఆ టెన్షన్‌లో పదిమందిలో తొమ్మిదిమంది బంతిని చూడగానే గుడ్డిగా బాదేస్తారు. అతను ఆగి, నిలబెట్టుకుని, కాలు మార్చుకుని కొట్టాడు. తొమ్మిదేళ్ల వయసునుంచి అదే క్లబ్‌లో రోజూ చేసిన సాధన ఆ అర సెకనులో కనపడింది. కోచింగ్ బాగోలేదని ఎవరైనా అంటే నేను ఆ టచ్ చూపిస్తాను.

మరి ఆ తర్వాత ఏమైంది? ఆ వేసవిలో కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు, మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారు. కుడివైపు సాకా, ఎడమవైపు మార్టినెల్లి, మధ్యలో ఇతనికి చోటెక్కడ? అంతకుముందే హాఫెన్‌హైమ్‌కి లోన్ మీద వెళ్లి జర్మన్ లీగ్ బుండెస్‌లిగాలో 7 గోల్స్ కొట్టి వచ్చాడు, నెదర్లాండ్స్ క్లబ్ ఫెయెనూర్డ్‌లో ఆడి వచ్చాడు. 2024లో ఫుల్హమ్‌కి, 2025లో బ్రెంట్‌ఫర్డ్‌కి మళ్లీ లోన్. సాకాకి తగిలిన ఖాళీ రెండేళ్ల ముందు నెల్సన్‌కి తగిలి ఉంటే కథ ఇంకోలా ఉండేది. సాకా ప్రతిభని తక్కువ చేయడం లేదు. కానీ ఇద్దరూ అదే బడిలో చదివినవాళ్లు. ఆ తేడా అంతా ప్రతిభలోనే ఉందంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆ రోజు నెల్సన్ కోసం బయటికొచ్చిన స్మిత్ రో సంగతి ఇంకా బాధాకరం. 2020 డిసెంబర్‌లో జట్టు 15వ స్థానంలో కొట్టుమిట్టాడుతోంది. డిసెంబర్ 26న చెల్సీతో మ్యాచ్‌లో అతన్ని దించారు, 3-1తో గెలిచాం, అక్కడినుంచే ఆ సీజన్ గాడిలో పడింది. 2021-22లో లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌కి ముందే, 2021 జులైలో, 10వ నంబర్ చొక్కా ఇచ్చారు. ఇచ్చిన నెల తిరిగేసరికి అదే స్థానానికి ఓడెగార్డ్‌ని కొనేశారు. ఆ పైన గాయం, సర్జరీ. 2024 ఆగస్టులో ఫుల్హమ్‌కి 2.7 కోట్ల పౌండ్లకు, షరతులన్నీ కలిస్తే 3.4 కోట్లకు అమ్మేశారు. అదే నెలాఖర్లో ఎన్‌కెటియాని క్రిస్టల్ ప్యాలెస్‌కి. నెల్సన్‌ని లోన్ మీద పంపింది కూడా ఆ రోజుల్లోనే. ఒక్క నెలలో ముగ్గురు హేల్ ఎండ్ కుర్రాళ్లు గేటు దాటేశారు.

ఇక్కడ లెక్కల గొడవ ఒకటి చెప్పాలి, ఎందుకంటే అభిమానులు చాలామంది దీన్ని మేనేజర్ ఇష్టాయిష్టాలనుకుని వదిలేస్తున్నారు. ప్రీమియర్ లీగ్‌లో 2025-26 సీజన్ దాకా నడిచిన నిబంధన ప్రకారం క్లబ్ మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపించకూడదు. 5 కోట్లు పెట్టి కొన్న ఆటగాడికి ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇస్తే పుస్తకాల్లో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు రాసుకుంటారు. వాణ్ని రెండేళ్లకు అమ్మితే ఇంకా 3 కోట్ల ఖర్చు రాయకుండా మిగిలే ఉంటుంది, దానికి మించి వచ్చిందే లాభం. అకాడమీ కుర్రాడికి పుస్తకాల్లో విలువ సున్నా. 3 కోట్లకు అమ్మితే 3 కోట్లూ ఆ ఏడాదే లాభం కింద పడతాయి. అంటే ఎనిమిదేళ్ల వయసునుంచి క్లబ్ చొక్కా వేసుకున్నవాణ్ని అమ్మడమే క్లబ్‌కి అన్నిటికంటే గిట్టుబాటు. చెల్సీవాళ్లు తమ అకాడమీలో పెరిగిన మేసన్ మౌంట్‌ని, కానర్ గాలఘర్‌ని అలాగే సాగనంపారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఇక్కడ కలపకి బాగా పనికొస్తుందని నరికేస్తున్నారు. పొదుపు కోసం పెట్టిన నిబంధన చివరికి సొంత పిల్లల్ని అమ్ముకునే దారి చూపించింది. దీన్ని రాసినవాళ్లకు ఇది ముందే తోచలేదంటే నమ్మలేను.

ఇంకోపక్క కొనుగోళ్లు. 2024 డిసెంబర్‌లో సాకా తొడ కండరం చిరిగి నెలల తరబడి దూరమయ్యాడు. ఆ ఖాళీలోకి ఈథన్ న్వానేరి వచ్చాడు. 2022లో 15 ఏళ్ల 181 రోజుల వయసులో ప్రీమియర్ లీగ్‌లో దిగి, అందరికంటే చిన్నవాడిగా రికార్డు పెట్టిన హేల్ ఎండ్ కుర్రాడు. సిటీ మీద ఆ ఐదో గోల్ అతనిదే. వింగ్ మీదనుంచి లోపలికి తిరిగి ఎడమకాలితో పోస్టు పక్కకి వంచి కొట్టడం చూస్తే ఎవరికైనా ఇక ఇతనిదే ఈ చోటు అనిపిస్తుంది. కానీ 2025 వేసవి రాగానే మదువేకేని కొన్నారు, ఆ వెంటనే ఎజేని కొన్నారు. న్వానేరి ఆడగలిగిన రెండు చోట్లూ నిండిపోయాయి. లెఫ్ట్ బ్యాక్‌కి కలఫియోరి ఉండగానే ఇన్‌కాపియేని తెచ్చారు. లూయిస్ స్కెల్లీ ఇంగ్లండ్‌కి ఆడి గోల్ కొట్టిన ఆరు నెలలకే క్లబ్ బెంచీ మీద కూర్చున్నాడు.

ఎజే సంగతి తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. అతను హేల్ ఎండ్ కుర్రాడే. పదమూడేళ్లప్పుడు నువ్వు పనికిరావని పంపేశారు. ఫుల్హమ్, రెడింగ్, మిల్‌వాల్, అన్నిచోట్లా అదే మాట విని చివరికి క్వీన్స్ పార్క్ రేంజర్స్‌లో నిలదొక్కుకున్నాడు. క్రిస్టల్ ప్యాలెస్‌కి వెళ్లి 2025 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో సిటీ మీద గెలిపించిన ఒకే ఒక్క గోల్ కొట్టాడు. అప్పుడు మనవాళ్లు 6 కోట్ల పౌండ్లకు పైగా పోసి వెనక్కి తెచ్చుకున్నారు. నవంబర్‌లో టోటెన్‌హమ్ మీద హ్యాట్రిక్ కొడితే నేనూ గంతులేశాను. కానీ పదమూడేళ్ల పిల్లాడి గురించి తీర్పు చెప్పేయగలమనుకునే ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ని కూడా చిన్నప్పుడు ఇక్కడే వద్దన్నారు. పన్నెండు పదమూడేళ్లకు ఒకడికి ఎత్తు వస్తుంది, ఇంకొకడికి పదహారుకి గానీ రాదు. ముందు పెరిగినవాడు మ్యాచ్‌లు గెలిపిస్తాడు, వెనక పెరిగేవాడు ఇంటికి వెళతాడు. ఆ వయసులో కోచ్ చూస్తున్నది ఎముకల్ని తప్ప ఆటని కాదు.

అభిమానులుగా మన పాత్రా ఉంది. అండర్ 18 మ్యాచ్‌లోంచి రెండు నిమిషాల క్లిప్ బయటికి రాగానే వీడే రాబోయే ఫలానావాడు అని పేరు తగిలించేస్తారు. ఆ పిల్లాడు మొదటి జట్టులో ఒక పాస్ తప్పితే, అమ్మేయండి అని వాళ్లే రాస్తారు. మా మేనల్లుడైతే ఇప్పటికీ వీడియో గేమ్ రేటింగ్ చూసి చెబుతాడు, “మావయ్యా, ఇతని పొటెన్షియల్ 78 దాటదు” అని. ఆ అంకె వేసినవాడు ఆ కుర్రాణ్ని చలిలో, వానలో, బలమైన డిఫెండర్ మోచేతులు తగులుతుండగా చూశాడా? అండర్ 21 లీగ్‌లో ఎంత ఆడినా అది తెలియదు. అక్కడ అందరూ ఒకే వయసువాళ్లు, స్టాండ్లు ఖాళీ, ఓడితే ఎవరి ఉద్యోగమూ పోదు. లోన్లు మేలంటారు గానీ, అవతలి మేనేజర్‌కి ఈ కుర్రాడు అద్దెకొచ్చినవాడే. వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే మొదట పక్కన పెట్టేది వాణ్నే.

టైటిల్ కావాలంటే తయారైన ఆటగాళ్లే కావాలి కదా, కుర్రాళ్లకు నేర్పుతూ కూర్చుంటామా అని అడగొచ్చు. నేను పదకొండుమందినీ అకాడమీనుంచే దించమనడం లేదు. ప్రీమియర్ లీగ్‌కి ఇచ్చే 25 మంది జాబితాలో 21 ఏళ్ల లోపువాళ్ల పేర్లు రాయాల్సిన పని కూడా లేదు, వాళ్లని ఎంతమందినైనా వాడుకోవచ్చు. ఏదో ఒక స్థానానికి రెండో ఆటగాణ్ని కొనకుండా ఆపండి, ఆ ఖాళీ కుర్రాడికి వదలండి అంటున్నాను. గాయాలు ఎలాగూ అవుతాయి. అయినప్పుడు బెంచీ మీద వెనక్కి తిరిగి చూస్తే అక్కడ 5 కోట్ల ఆటగాడు కాకుండా హేల్ ఎండ్ కుర్రాడు కూర్చుని ఉండాలి. అదీ కప్పుల్లో చిన్న జట్ల మీద కాదు. లీగ్‌లో ఒక గోల్ ఆధిక్యం ఉండి ఇంకో అరగంట మిగిలినప్పుడు దించాలి.

ఇప్పుడు అదే అకాడమీనుంచి వచ్చిన మాక్స్ డౌమన్ ఉన్నాడు. 2025 ఆగస్టులో లీడ్స్ మీద దిగి, తన వయసుకు రెట్టింపున్న డిఫెండర్ల మీదికి బంతి తీసుకెళ్లి పెనాల్టీ తెచ్చాడు. నవంబర్‌లో ప్రాగ్‌లో ఆడి ఛాంపియన్స్ లీగ్‌లో అప్పటిదాకా ఆడినవాళ్లందరికంటే చిన్నవాడయ్యాడు. అప్పటికి పదహారు కూడా నిండలేదు. కోచింగ్ అతనికి ఇవ్వాల్సింది దాదాపు అంతా ఇచ్చేసింది. 2027 డిసెంబర్ 31కి పద్దెనిమిది నిండుతాయి. ఆలోగా క్లబ్ కుడి వింగ్ కోసం ఇంకొకణ్ని కొనకుండా ఉంటే చాలు.