పాత పవర్ సప్లై తెచ్చిన మా అమ్మలుకి

విజయనగరం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "నీ కోడలు పాతసామాన్ల కొట్టు నుంచి ఏటో ఇనప పెట్టి మోసుకొచ్చింది అన్నయ్యా" అని ఒకటే గోల. నువ్వు పంపిన ఫొటో చూశాను. ఇంటి కరెంటుని మనకి కావలసినంత డీసీ వోల్టేజిగా మార్చి ఇచ్చే పవర్ సప్లై అది. ముల్లు మీటర్లు రెండు, 0 నుంచి 30 వోల్టులు, వెనక వేడి లాగే హీట్‌సింకు మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. మంచి సరుకే తెచ్చావు. నా తర్వాత మన ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టే మనిషి ఉందని మీ అత్తయ్యకి చెప్పిందే చెప్పాను. అంతలో ఫొటో మూలన రెండు పిన్నుల ప్లగ్గు కనపడింది.

ముందు అది కోసి పారేయ్. మూడు పిన్నుల వైరు వేసి, రంగు గీకి, ఎర్తుని పెట్టె రేకుకే బిగించు. కళింగపట్నం ఉప్పుగాలికి మీ ఎర్తు రాడ్డు ఏ స్థితిలో ఉందో ఎవరు చూశారు? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు. నువ్వు వేలు పెట్టకు.

ఏళ్ళ తరబడి కరెంటు ఎరగని పెట్టెని తిన్నగా 230 వోల్టులకి తగిలించకూడదు. పెట్టెకి వెళ్ళే కరెంటంతా దాని గుండానే పోయేలా 60 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టు, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు. ఉబ్బిన కెపాసిటర్లు మార్చెయ్. స్విచ్చి ఆపినా వాటిలో చార్జి ఉండిపోతుంది. ముట్టుకునే ముందు రెసిస్టరుతో డిశ్చార్జి చెయ్యి, స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించే వేషాలు వద్దు.

ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమంతా ఆ వోల్టేజి నాబు మీద.

నాకు పని నేర్పిన మేస్త్రీ గంటస్తంభం దగ్గర కొట్లో ఇలాంటిదే ఒకటి బాగుచేశాడు. మీటరు 9 చూపించింది, కదల్లేదు. ఆ సాయంత్రమే ఒక మాస్టారి ట్రాన్సిస్టరు రేడియో దానికి తగిలించాడు. వార్తలు వస్తున్నాయి. నాబు పిసరంత కదిపాడంతే, ముల్లు ఒక్క గెంతులో చివరికి పోయింది, రేడియో మూగబోయింది. విప్పి చూస్తే నాబు తిప్పితే రెసిస్టెన్సు మార్చే పొటెన్షియోమీటరు ట్రాకు అరిగిపోయి, దాని మీద జరిగే వైపరు మధ్యలో కాంటాక్టు వదిలేస్తోంది. ఇలాంటి చాలా సర్క్యూట్లలో నాబు రెసిస్టెన్సు పెరిగేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. కాంటాక్టు తెగిందా, ఉన్నదంతా ఒక్కసారే బయటికి వదిలేస్తుంది. పైగా ఆయన కరెంటు ఎంతకి మించకూడదో పెట్టే కరెంటు లిమిట్ చివరిదాకా తిప్పి ఉంచాడు. తగ్గించి ఉంటే రేడియోలో కొంతైనా దక్కేది. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. మేస్త్రీ మాత్రం ఆయన ఎదురుపడితే సందు మార్చేసేవాడు.

అందుకే ఏదీ తగిలించకముందు నాబుని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పుతూ ముల్లు చూడు. డిజిటల్ మీటరుకి ఆ గెంతు అందదు. ఎక్కడ గెంతినా క్లీనరు కొట్టి సరిపెట్టుకోకు, పొటెన్షియోమీటరే మార్చు. తర్వాత 12 వోల్టుల 21 వాట్ల కారు బల్బు గంటసేపు వెలిగించు. వోల్టేజి జారిందంటే పని ఇంకా ఉన్నట్టే. వెనక టెర్మినళ్ళ మధ్య చిన్న రేకు ముక్కలుంటే పీకకు తల్లీ, అవి బయటికెళ్ళే వోల్టేజి ఎంతో సర్క్యూట్‌కి తెలిపే సెన్సు లింకులు.

మెయిన్ స్విచ్చి ఎక్కడుందో మీ అమ్మకి చూపించు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూత విప్పకు. 2ఎన్3055లు బజార్లో కొనకు, నకిలీలు ఎక్కువ. నా దగ్గర పాతవి ఉన్నాయి, సిరిమాను పండక్కి వచ్చినప్పుడు వాటి కింద వేసే మైకా ముక్కలతో సహా పట్టుకెళ్దువుగాని.

మీ మావయ్య