అమ్మడికి, రెండు రీళ్ల దారంతో పాటు

అమ్మడూ,

మీ కాలేజీలో ఓడల జాడ తీసే బుల్లి ఉపగ్రహం చేస్తున్నారనీ, ఆ టీముకి నువ్వే లీడర్‌వనీ మీ నాన్న చెప్పాడు. సాయంత్రానికి వీధంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బ్యాటరీలు, లైసెన్సులు మీ సార్లు చూసుకుంటారు. నువ్వు సప్లీలు పెట్టుకోకు. అసలిది అయ్యే పనేనా అని మీ నాన్న బెంగ. 2010లోనే నార్వే వాళ్ల ఓడల జాడ తీసే ఉపగ్రహం ఏఐఎస్‌శాట్-1 మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ ఎక్కింది. 20 సెంటీమీటర్ల పెట్టె, ఆరు కిలోల పైచిల్లర. అవుతుందని చెప్పు.

రద్దీ ఉన్న మలక్కా జలసంధితో మొదలుపెట్టకండి. ఏఐఎస్‌లో, అంటే ఓడలు తమ పేరూ, ఉన్న చోటూ రేడియోలో చెప్పుకునే పద్ధతిలో, ఒక్కో చానల్‌కి నిమిషానికి 2250 వంతులు. దగ్గరి ఓడలు ఒకదాన్నొకటి విని వంతులు సర్దుకుంటాయి. ఒకదానికొకటి వినబడనంత దూరంలోవి ఒకే వంతులో అరిస్తే పైన మీకు గోలే.

ఇక నా సంగతి. 2005 నవంబరు, కాకినాడకి ఎదురుగా. ఓడలో నేను సెకండ్ ఆఫీసర్ని, రాత్రి పన్నెండు నుంచి నాలుగు వాచ్. ఏఐఎస్ అప్పటికి కొత్త ముచ్చట. రాడార్ నిండా అలల చుక్కలు పడుతున్నాయని సీ క్లట్టర్ నాబ్ బాగా తిప్పేశాను. తెర కడిగిన పలకలా అయింది. ఏఐఎస్‌లోనూ ఎవరూ లేరు. హాయిగా టీ కలుపుకుంటున్నా. "సార్, లైట్!" అని లుకౌట్ కుర్రాడి కేక. ముక్కు కిందే లాంతరు, ఎవరో పిచ్చిగా ఊపుతున్నారు. చుక్కాని మొత్తం కుడికి తిప్పించి ఓడ నడిపే గది పక్కనుండే బ్రిడ్జి రెక్క మీదకి పరిగెత్తాను. పడవ పక్కనుంచి జారిపోతుంటే చీకట్లోంచి ఓ ముసలి గొంతు నా తల్లిని ఎత్తి తిట్టింది. తెలుగులో.

వాళ్ల వల మిగిలిందో లేదో తెలీదు. ఓడ ఆపలేదు. లాగ్‌బుక్‌లో ఆ గంటకి ఒక్క ముక్క రాయలేదు. మీ పెద్దమ్మకీ చెప్పలేదు.

విదేశాలకు తిరిగే 300 టన్నులు, ఆపై ఓడలకి ఏఐఎస్ తప్పనిసరి తల్లీ. ఆ ముసలాయనకి ఎక్కడిది? అందుకని మీ మ్యాపు మీద 'ఉన్న ఓడలు' అని రాయకండి, 'విన్న ఓడలు' అని రాయండి. నవ్వితే నవ్వు, రాయి.

యాంటెన్నాని టేపులా చుట్టి, నైలాన్ దారంతో కట్టి, పైకెళ్లాక వేడి తీగతో ఆ దారం తెంపుతారటగా. చలిలో పెట్టి కూడా తెంపి చూడండి, పదిసార్లు. హార్బర్ దగ్గర వలల కొట్లో రెండు రీళ్లు కొని పంపిస్తున్నా. ఏ చేపకి బాబూ అని అడిగాడు కొట్టాయన. ఏం చెప్పాలో తోచక వంజరానికి అన్నాను.

మీ పెదనాన్న