తేలినీలాపురం వచ్చే ముందు

చిరంజీవి బాబుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని విజయనగరం నుంచి వస్తున్నామని, ఒక్క రోజులో మన శ్రీకాకుళం జిల్లాలో పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం, తేలుకుంచి, సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నం మూడూ చుట్టేద్దామని రాశావు. నా మాట విని తేలుకుంచి ఈసారికి వదిలెయ్యి. ఇచ్ఛాపురం దగ్గర ఆ ఊరికి వచ్చే నత్తగుల్ల కొంగలు జూన్‌లో వానలతో దిగుతాయి. పొలాల్లో నీళ్లు, నీళ్లలో నత్తలు ఉన్నన్నాళ్లే వాటికి కాలం. పిల్లలకి రెక్కలొచ్చాక చలికాలానికి వెళ్లిపోతాయి. కళింగపట్నం ఎప్పుడైనా చూడొచ్చు. ఆ రోజంతా తేలినీలాపురంలోనే ఉండండి.

ముందు రోజు రాత్రికే టెక్కలిలో మా ఇంటికి వచ్చేయండి. రైలైతే నౌపడ జంక్షన్‌లో దిగండి, కారైతే హైవే మీద నేరుగా టెక్కలి. తెల్లారేసరికి చెట్ల కింద ఉండాలి. తొమ్మిది దాటితే ఎండ ఎక్కుతుంది, పండగ సెలవులు కదా, జనమూ పెరుగుతారు.

అక్కడ గూళ్లు ఎక్కడో అడవిలో ఉండవురా. ఊళ్లోనే, ఇళ్ల పక్కన చింతచెట్ల మీద ఉంటాయి. పక్షులొస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే ఇన్నేళ్లుగా వాటి జోలికి ఎవరినీ పోనివ్వలేదు. ఎవరి పెరట్లోకైనా వెళ్లాలంటే అడిగి వెళ్లండి. ఇంకో మాట, పిల్లలకి ముందే చెప్పు: చేపల కంపు, రెట్టల వాసన గట్టిగానే ఉంటుంది. ముక్కు మూసుకుని ‘ఛీ’ అంటే ఆ ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. తలకి టోపీలు తప్పనిసరి, ఎందుకో చెట్టు కిందకి వెళ్లగానే తెలుస్తుంది. బట్టలు ఆకుపచ్చో మట్టిరంగో అయితే మంచిది, తెలుపూ ఎరుపూ వద్దు.

వాచ్ టవర్ ఉంది, ఎక్కండి. కానీ ఎక్కి నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతే ఏమీ చూసినట్టు కాదు. గూడు బాగా కనబడే చోటు చూసుకుని, ఒక్క గూటినే పట్టుకుని అరగంట కూర్చోండి. అక్కడ ముఖ్యంగా రెండు రకాలు: పెలికాన్లు (గూడబాతులు), కొంగ జాతి పెయింటెడ్ స్టార్క్‌లు. పెలికాన్ బూడిద రంగులో ఉంటుంది, పై ముక్కు పొడవునా చుక్కలుంటాయి, కింద సంచి వేలాడుతుంది. స్టార్క్‌కి పసుపు ముక్కు, రొమ్ము మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు. రెండూ చేపలే తెస్తాయి, తినిపించే పద్ధతి మాత్రం వేరు. స్టార్క్ గూట్లోకి చేపల్ని కక్కుతుంది, పిల్లలు ఎగబడి ఏరుకుంటాయి. పెలికాన్ పిల్ల అలా కాదు, తల్లి సంచిలోకి తలంతా దూర్చేస్తుంది. తల్లి దాన్ని మింగేస్తోందేమో అనిపిస్తుంది చూసేవాళ్లకి. ఎండెక్కాక పెద్ద పక్షి రెక్కలు విప్పి పిల్లల మీద గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. ఇది తప్పకుండా చూపించు. మనం గోల చేస్తే ఆ పక్షి లేచిపోతుంది. అది లేచిన కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, ఈకలు రాని పిల్ల ఎండకి మాడిపోతుంది. చప్పుడు చెయ్యకండి అని నేను పదే పదే చెప్పేది అందుకే.

ఆటో అబ్బాయి దగ్గర్నుంచి అందరూ ఇవి సైబీరియా పక్షులంటారు. పిల్లలకి అలా నేర్పకు. ఈ రెండు రకాలూ మన దేశంలో, చుట్టుపక్కల ఆసియా దేశాల్లో బతికేవే. నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతూ, గూళ్లకి ఇక్కడికి చేరతాయి. ఎక్కడినుంచో వచ్చిన చుట్టాలనుకుంటే వాటి బాగోగులు మనవి కావనిపిస్తుంది. ఇవి పుట్టేదే మన చింతచెట్ల మీద! చెట్టు కొట్టేసినా, చెరువు పూడ్చేసినా వాటికి పుట్టిల్లు పోయినట్టే.

బైనాక్యులర్ కొనాలా అని అడిగావు. ఎనిమిది రెట్లు చూపించేది చాలు. పది రెట్లది పిల్లల చేతుల్లో వణికి బొమ్మ నిలవదు. ముందు నాది వాడి చూడండి, నచ్చాకే డబ్బు పెట్టు. డ్రోన్ ఊసే ఎత్తకు. ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవడం కూడా వద్దు.

గూట్లోంచి పిల్ల కింద పడి కనిపిస్తే జాలిపడి ఎత్తుకోవద్దు, నీళ్లు తాగించొద్దు. అటవీశాఖ వాళ్లకో, ఊళ్లోవాళ్లకో చెప్పండి. చచ్చిన పక్షిని అసలు తాకొద్దు. 2021 డిసెంబరు ప్రాంతంలో ఇక్కడ పెలికాన్లు వరసగా చనిపోయాయి, చేపల ద్వారా కడుపులో చేరిన పురుగులే కారణమని తేలింది. ఆ రోజుల్లో ఊరంతా ఎంత బెంగపెట్టుకుందో నాకు తెలుసు. గుడ్డు తీసినా గూడు కదిపినా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి పిల్లలకి బెదిరింపులా కాకుండా మామూలుగా చెప్పు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి పడుకోండి. నాలుగింటికి నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్దాం. ఎర్రటి పొడుగు కాళ్లతో నీళ్లలో నడిచే స్టిల్ట్‌లు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి. మడుల్లోకి మాత్రం దిగనివ్వకు, గట్ల మీదే నడవాలి. అది ఉప్పు కూలీల కష్టం.

ఏ రోజు వస్తున్నారో ముందే ఫోన్ చెయ్యి. పిల్లలకి తలా ఒక నోటుబుక్కు, పెన్సిలు తెమ్మను, చూసింది చూసినట్టు బొమ్మ గీసుకుంటారు. పొద్దున్నకి ఇడ్లీలు నేనే కట్టి తెస్తాను, నువ్వు దారిలో చిప్స్ ప్యాకెట్లు కొనకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ