సిమ్యులేషన్ కోర్సుకి 45 వేలు కట్టే ముందు మిల్లు కాటా దగ్గర ఒక రోజు కూర్చో

ప్రశ్న: నేను బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం, మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఫ్యాక్టరీలు, గోడౌన్ల పనిని కంప్యూటర్లో నడిపి చూసే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మూడు నెలల్లో నేర్పిస్తామని, 45 వేలు ఫీజని, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. ఈ నెలాఖరులోగా కట్టాలట. నాన్న రైస్‌మిల్లులో గుమాస్తా, ఆ డబ్బుతో అందరిలా జావా నేర్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: చూడమ్మా, డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకు. ఆ కోర్సు చెడ్డదని అనడం లేదు, దాన్ని నేను చూడలేదు. కానీ ఈ పని నీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి 45 వేలు అక్కర్లేదు, మీ నాన్నగారి మిల్లు గేటు దగ్గరున్న కాటా చాలు.

నువ్వు అడిగినదాన్ని డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ అంటారు. లారీ వచ్చింది, కాటా ఎక్కింది, దిగింది, హమాలీలు బస్తాలు దించడం మొదలుపెట్టారు, అయిపోయింది, ఇలా ఏదో ఒకటి జరిగిన క్షణాలనే కంప్యూటర్ వరసగా పట్టుకుని మధ్యలో ఏమీ జరగని సమయాన్ని దాటేస్తుంది, అందుకే ధాన్యం సీజన్ మొత్తాన్ని కొద్ది సేపట్లో నడిపి చూసేయొచ్చు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో నిరీక్షణ అయినా, సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారు అయినా, పోర్టులో ఓడ బెర్తు కోసం ఆగడమైనా లోపలి లెక్క ఇదే.

దీనికి సాఫ్ట్‌వేర్ ఎందుకు, సగటు తీసి భాగిస్తే సరిపోదా అని నీకు అనిపించొచ్చు. తేమ చూడటం, రసీదు రాయడం అన్నీ కలిపి ఒక తూకానికి సగటున 6 నిమిషాలు పడుతుందనుకో, అంటే గంటకి 10 తూకాలు వేయొచ్చు. వచ్చేవి గంటకి 8. కాగితం మీద చూస్తే కాటా మధ్యమధ్యలో ఖాళీగా కూడా ఉండాలి. కానీ లారీలు ఒకేసారి మూడు వస్తాయి, తర్వాత అరగంట ఒక్కటీ రాదు. రావడంలోనూ తూకంలోనూ అలాంటి హెచ్చుతగ్గులు ఉన్నాయనుకుని పాఠ్యపుస్తకంలో ఉండే మామూలు క్యూ సూత్రం వేస్తే, కాటా ఎక్కే ముందు సగటున 24 నిమిషాలు ఆగాలని వస్తుంది. గంటకి 8 కాకుండా 9 అయితే? 54 నిమిషాలు! గంటకి ఒక్కటి పెరిగితే నిరీక్షణ రెట్టింపు దాటిపోయింది. ఇది చూసి "అరె, ఎందుకిలా" అని నీకు అనిపిస్తే నువ్వు ఈ దారిలోకి రావొచ్చు, బోర్ కొడితే మాత్రం ఏ సర్టిఫికెట్టూ నిన్ను ఇందులో నిలబెట్టదు.

ఇంకో సంగతి, ఇది మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. ప్రతి లారీ కాటాని రెండుసార్లు ఎక్కుతుంది, లోడుతో ఒకసారి, ఖాళీ అయ్యాక ఒకసారి. కాబట్టి 8 తూకాలంటే 4 లారీలే. పైగా దించడం ఆలస్యమైతే ఖాళీ లారీలన్నీ ఒక్కసారిగా వచ్చి లోడు లారీలకి అడ్డం పడతాయి, అప్పుడు పై సూత్రం ఇక పనికిరాదు, అసలు సిమ్యులేషన్ అవసరం పడేది అక్కడే. రెండో కాటా పెట్టాలా, ఇంకో హమాలీ జట్టు తెచ్చుకోవాలా, ఏమీ కొనకుండా లారీలకి టైమ్ ఇచ్చి పిలిస్తే సరిపోతుందా అన్నది మోడల్లో, అంటే కంప్యూటర్లో కట్టిన మిల్లు నమూనాలో, మార్చి మార్చి చూస్తావు. ఒక్కసారి నడిపి వచ్చిన అంకె పట్టుకుని జవాబు అనకూడదు, కనీసం 30 సార్లైనా వేరువేరు యాదృచ్ఛిక సంఖ్యలతో, అంటే లారీలు వచ్చే టైములు ప్రతిసారీ వేరుగా పడేలా, నడిపి సగటు ఎంత, తేడా ఎంత అని చూడాలి. రాత్రి మిగిలిపోయిన లారీలు పొద్దున గేటు తీసేసరికే ఉంటాయి, వాటిని లెక్కలో వేయకపోతే ఉదయమంతా తప్పే.

కిందటేడాది నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు గోడౌన్ మోడల్ చూపించాడు, త్రీడీలో ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతూ సినిమాలా ఉంది. ప్యాకింగ్‌కి 3 నిమిషాలని ఎలా తీసుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగల్లేదట. అందుకే నువ్వు సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఒక నోట్‌బుక్, వాచీ పట్టుకుని మిల్లుకి వెళ్లు, యజమానిని అడిగి కూర్చో, లారీ వచ్చిన టైము, కాటా ఎక్కిన టైము, దిగిన టైము, దించడం అయిన టైము రాసుకో. టీ బ్రేకులు కూడా. నువ్వు కట్టిన మోడల్ నిన్నటి రోజుని నడిపితే మిల్లు రిజిస్టర్‌లో ఉన్నదానికి దగ్గరగా రావాలి, రాకపోతే తప్పు మోడల్‌దే, మిల్లుది కాదు.

ఇక జావా గొడవ. నాన్నగారి మాట కొట్టిపారేయకు, ఎందుకంటే క్లాస్, ఆబ్జెక్ట్ అని జావాలో మొదటి వారం చెప్పేవి సిమ్యులేషన్ కోసమే పుట్టాయి. 1960ల్లో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు ఇలాంటి క్యూల లెక్కల కోసం సిమ్యులా అనే భాష రాశారు, ఆ ఆలోచనలకే 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఎనీలాజిక్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ జావా మీదే నడుస్తుంది, నేర్చుకునేవాళ్లకి దాని పర్సనల్ లెర్నింగ్ ఎడిషన్ ఉచితం. అరీనాకి స్టూడెంట్ వెర్షన్ ఉంది, జామ్‌సిమ్ పూర్తిగా ఉచితం, పైథాన్ వస్తే సిమ్‌పై అనే లైబ్రరీ ఉంది. నన్నడిగితే సిమ్‌పైతో మొదలుపెట్టమంటాను, బొమ్మలు ఉండవు కాబట్టి లోపల ఏం జరుగుతోందో తెలియక తప్పదు, పైగా ఆ పైథాన్ రేపు వేరే ఉద్యోగానికైనా పనికొస్తుంది. ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టు పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. "సిమ్యులేషన్ ఇంజినీర్" అని వెతికితే ఎక్కువగా కనిపించేవి డిజైన్ వాళ్లు చేసే ఒత్తిడి, వేడి, గాలి లెక్కల పోస్టులు, అవి వేరే దారి. నీకు కావాల్సినవి ఇండస్ట్రియల్ ఇంజినీర్, సప్లై చైన్ అనలిస్ట్, డిజిటల్ మాన్యుఫ్యాక్చరింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్ అనే పేర్లతో ఉంటాయి. కార్ల కంపెనీల లైన్ ప్లానింగ్‌లో సీమెన్స్ వారి ప్లాంట్ సిమ్యులేషన్ బాగా వాడతారు. ఇదొక్కటే వచ్చినవాళ్లకి ఫ్రెషర్ పోస్టులు తక్కువ. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, కొంత స్టాటిస్టిక్స్ తోడైతేనే లోపలికి రానిస్తారు. లోతుగా వెళ్లాలనిపిస్తే గేట్ రాసి ఐఐటీ ఖరగ్‌పూర్ ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్, ఐఐటీ బాంబే ఐఈఓఆర్ (ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ ఆపరేషన్స్ రీసెర్చ్) లాంటివి చూడు. ఒక్క సాఫ్ట్‌వేర్ పేరు నమ్ముకుని అమెరికా ఎంఎస్‌కి అప్పు చేయడం మాత్రం నేను ఒప్పుకోను.

నెలాఖరు తొందర వాళ్లది, నీది కాదు. అయినా కట్టాలనిపిస్తే ముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడుగు: మీ దగ్గర చేసే ప్రాజెక్టుకి డేటా మేమే వెళ్లి తెచ్చుకోవాలా, మీరే ఇస్తారా, డేటాకి ఏ డిస్ట్రిబ్యూషన్ (అంటే హెచ్చుతగ్గులు ఏ తీరులో ఉన్నాయో చెప్పే గణిత నమూనా) సరిపోతుందో చూడటానికి ఎన్ని క్లాసులు కేటాయించారు. డేటా అంతా వాళ్లే ఇచ్చి రెండో ప్రశ్నకి "అవన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది" అన్నారంటే ఆ 45 వేలూ నాన్నగారి దగ్గరే ఉండనీ.