బ్లాక్ స్వాన్ గ్రీన్‌లో ఈ హ్యాంగ్‌మ్యాన్ ఎవరంటే

డేవిడ్ మిచెల్ నవల 'బ్లాక్ స్వాన్ గ్రీన్'లో హ్యాంగ్‌మ్యాన్ మనిషి కాదండీ. "రెండో చాప్టర్‌కి వచ్చాను, ఈ తలారి ఎవడో తెలియట్లేదు, కథ కదలట్లేదు" అని రాశారు కదా, చిక్కంతా అక్కడే. కథ చెప్పే పిల్లాడు జేసన్ తన నత్తికి పెట్టుకున్న పేరది. చిన్నప్పుడు బళ్ళో హ్యాంగ్‌మ్యాన్ ఆట (ఒక్కో అక్షరం ఊహిస్తూ మాట కనిపెట్టే ఆట) ఆడుతుంటే 'నైటింగేల్' అన్న మాట గొంతులో ఇరుక్కుపోయింది, ఆ రోజు నుంచి ఆ పేరు.

1. ఒకే కథలా చదవకండి. డేవిడ్ మిచెల్ 1982 జనవరి నుంచి 1983 జనవరి దాకా నెలకొకటి చొప్పున 13 చాప్టర్లు రాశాడు, ఒక్కోటి దాదాపు విడి కథే.

2. చాలామంది గమనించనిది ఇదే. జేసన్ మనసులో అనుకున్న మాట వేరు, పైకి అన్న మాట వేరు. 'న'తోనో 'స'తోనో మొదలయ్యే మాట రాబోతోందని తెలియగానే ఆ పదమూడేళ్ళ పిల్లాడు వాక్యం మధ్యలోనే ఇంకో మాట వెతుక్కుంటాడు, అందుకే వాడి మాటలు ఒక్కోసారి వింతగా తిరుగుతాయి. ఆ చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఇదే పిల్లాడు దొంగపేరుతో చర్చి పత్రికకి కవితలు పంపుతుంటాడు, అదెలా అబ్బిందో అప్పుడు తెలుస్తుంది (నాకైతే రెండోసారి చదివితే గానీ వెలగలేదు).

3. మధ్యలో వచ్చే ఫాక్లాండ్స్ గొడవ అర్జెంటీనాతో బ్రిటన్ చేసిన యుద్ధం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు. అంత తెలిస్తే చాలు.

హ్యాంగ్‌మ్యాన్ చాప్టర్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి.